మామయ్య కొన్న మిషను

సాసేజీలు నింపడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. నమ్మకం లేనివాళ్ళు ఒకసారి ప్రయత్నించి చూడొచ్చు. అరగంటలో బల్లంతా కైమా, ఒళ్ళంతా కొవ్వు, నోటినిండా తిట్లు. ఒకరు మిషను హ్యాండిలు తిప్పాలి, ఇంకొకరు గొట్టం చివర పేగు పట్టుకోవాలి. తిప్పేవాడికి భుజంలో బలం ఉంటే సరిపోతుంది. పట్టేవాళ్ళ పనే పని. పేగు నిండుతూ వస్తున్నప్పుడు బిగించి పట్టుకుంటే పగులుతుంది, వదులుగా పట్టుకుంటే లోపల గాలి చేరుతుంది. సరిగ్గా నిండగానే "చాలు" అనాలి. ఆ మాట వినపడగానే తిప్పేవాడు ఆగాలి. అంతకుమించి అందులో పెద్ద విద్యేమీ లేదు, ఆ కొంచెం రావడానికి ఏడాది పడుతుంది.

ఆ ఇంట్లో తిప్పేది మామగారు, పట్టేది కోడలు.

మామగారు ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒక మాంసం దుకాణంలో సాసేజీలు చేశాడు. దుకాణం మూసేస్తూ యజమాని ఆయన చేతిలో ఒక పాత మిషను పెట్టి పంపాడు. బల్ల అంచుకి బిగించుకునే ఇనప మిషను, దాని వయసు ఆయన వయసుకి ఓ పదేళ్ళు తక్కువ ఉంటుందేమో. ఇంటికొచ్చాక ఊరుకునే మనిషా! వారం తిరక్కుండా వంటింట్లో పొడుగు బల్ల వేయించాడు. రెండు బేకరీలూ, ఒక లాడ్జి క్యాంటీనూ ఆయన సరుకే కావాలంటాయి. మంగళ, శుక్ర, ఆదివారాల్లో తెల్లవారగానే పని మొదలవుతుంది. వీధిలో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవరు. సాసేజీల పెద్దాయన అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

మొదట్లో పేగు పట్టింది ఆయన కొడుకు. చెట్టంత మనిషి, తొమ్మిది రోజుల జ్వరంతో పోయాడు. పదో రోజు నుంచి ఆ ఇంట్లో ఒక మామగారూ ఒక కోడలూ మిగిలారు. పిల్లల్లేరు. అత్తగారు ఏనాడో పోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేక, ఒకరిని వదిలి ఒకరు ఉండలేక మూడు వారాలు ఎలా గడిపారో వాళ్ళకే తెలియదు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. నాలుగో వారం ఒక పొద్దున ఆమె వంటింట్లోకి వచ్చేసరికి మామయ్య బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. మిషను నిండా కైమా ఉంది, గిన్నెలో పేగులు నానుతున్నాయి. హ్యాండిలు మీద చెయ్యి వేసి, అవతలి పక్క ఖాళీ స్టూలు వైపు చూస్తున్నాడు. ఆమెని రమ్మనలేదు. ఆమే వెళ్ళి కూర్చుంది.

ఆ రోజు పదకొండు పేగులు పగిలాయి. ఒక్కదానికీ ఆయన నోరెత్తలేదు. పన్నెండోది నిలిచింది. ఆమె "చాలు" అంది, ఆయన ఆగాడు. అప్పుడు మాత్రం మొహం అటు తిప్పుకుని ముక్కు చీదుకున్నాడు.

అలా మూడేళ్ళు గడిచాయి. బల్ల దగ్గర పని మాటలే తప్ప ఇంకో మాట ఉండకూడదని ఎవరూ నియమం పెట్టలేదు, దానంతటదే వచ్చేసింది. పోనివ్వండి, ఆగండి, చాలు, సూది, దారం. పోయినవాడి ఊసు ఇద్దరిలో ఎవరు ఎత్తినా ఇంకొకరు నిలబడలేరని ఇద్దరికీ తెలుసు. మొదట్లో ఆ మౌనం ఇద్దర్నీ కాపాడింది. తర్వాత్తర్వాత అది బల్ల దిగి అన్నం తినే చోటికీ, వసారాలోకీ కూడా వచ్చి తిష్ఠ వేసింది. కూర బాగుంది అనడానికి కూడా మామయ్య తలే ఊపేవాడు.

పేగు పట్టడం అయ్యాక ఆమె చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని ఉద్యోగానికి వెళ్ళేది. బజారు చివర కళ్ళద్దాల దుకాణంలో ఆమె పని. అద్దాలు ఫ్రేముల్లో బిగించడం, వచ్చిన పెట్టెలు విప్పి చూసి సంతకం పెట్టడం. ఆ పెట్టెల్ని వారానికి రెండుసార్లు ఒక వ్యాను అతను తెచ్చేవాడు. నలభై ఏళ్ళుంటాయి. భార్య పోయి నాలుగేళ్ళయింది. ఆరేళ్ళ కూతురు ఇంకో ఊళ్ళో అతని అక్క దగ్గర పెరుగుతోంది. ఎప్పుడూ చొక్కా పై గుండీ ఒకటి ఊడి ఉండేది. ఇవన్నీ ఆమె అడిగి తెలుసుకున్నవి కావు. పెట్టెకో ముక్క చొప్పున ఏడాదిన్నరలో అతనే చెప్పాడు.

ఒక మంగళవారం అతను పెట్టెలు దించి, రసీదు పుస్తకం ఆమె ముందు పెట్టి, గోడ వైపు చూస్తూ అన్నాడు.

"నాకు చుట్టూ తిప్పి మాట్లాడ్డం రాదండి. మీకు ఇష్టమైతే పెళ్ళి చేసుకుందాం. ఇష్టం లేదంటే సంతకం పెట్టెయ్యండి, వెళ్ళిపోతాను."

ఆమె కంగారులో సంతకం పెట్టేసింది. అతని మొహం వాడిపోయింది. పుస్తకం మూసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు కూడా.

"అది పెట్టెలకండీ!" అని ఆమె వెనకనుంచి అరిచింది.

ఇద్దరికీ నవ్వొచ్చింది. లోపల పని చేసుకుంటున్న యజమాని తల బయటపెట్టి చూశాడు. మూడేళ్ళ తర్వాత తన నవ్వు తనకే వినపడి, ఆమెకి ఆ రోజంతా ఎవరిదో వస్తువు పట్టుకు తిరుగుతున్నట్టు అనిపించింది.

ఇష్టమే. అందులో ఆమెకి అనుమానం లేదు. ఇంట్లో చెప్పి మాట ఇస్తానంది. అతను సరేనన్నాడు. నెలాఖరులోగా తేల్చాలన్నాడు. అక్కకి ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉంది, పాపని ఇక చూసుకోలేకపోతోంది, అక్కడే ఒక సంబంధం కూడా చూసి పెట్టింది. కంపెనీ వాళ్ళు ఆ ఊరి దారిలో వ్యాను నడుపుతావా అని అడుగుతున్నారు. మీరు సరేనంటే పాపని ఇక్కడికే తెచ్చుకుంటాను, అద్దెకి ఇల్లు కూడా చూశాను అన్నాడు.

ఇక మామయ్యతో చెప్పడమొకటే మిగిలింది. ఆ ఒక్కటీ ఆమెకి గొంతులో వెలక్కాయ అయి కూర్చుంది.

మొదటిసారి బల్ల దగ్గరే ప్రయత్నించింది. "మామయ్యా" అంది. ఆయన హ్యాండిలు ఆపి "ఆగనా?" అన్నాడు. "లేదు, పోనివ్వండి" అంది. రెండోసారి భోజనాల దగ్గర ధైర్యం కూడగట్టుకుంటే, ఆయనకి పొలమారి పది నిమిషాలు దగ్గాడు. నీళ్ళిచ్చి వీపు రాసి ఊరుకుంది. మూడోసారి కాగితం మీద రాసి ఆయన కళ్ళజోడు కింద పెట్టింది. ఆయన స్నానం ముగించి బయటికి వచ్చేలోగా ఆమే పరుగెత్తుకెళ్ళి ఆ కాగితం తీసేసుకుంది. మామయ్య కాదంటాడని ఆమె భయం కాదు. ఆయన తలూపుతాడు, ఆమెకి తెలుసు. ఆ తర్వాతి మంగళవారం పొద్దున ఖాళీ స్టూలు ముందు హ్యాండిలు మీద చెయ్యి వేసుకుని కూర్చుంటాడు, అదీ భయం. పట్టేవాళ్ళు లేకపోతే మిషను ఆగుతుంది. మిషను ఆగితే ఆ మనిషి ఎన్నాళ్ళుంటాడు?

ఇలా ఉండగా పాత మిషనే ముందు చేతులెత్తేసింది. లోపలి పళ్ళచక్రానికి పళ్ళు అరిగిపోయి, హ్యాండిలు తిప్పితే గిర్రున ఊరికే తిరుగుతోంది. కైమా ముందుకు రాకుండా వెనక్కి ఉబికి మామయ్య చొక్కా మీద పడింది. బాగుచేసేవాడు చూసి, ఇంత పాతదానికి సామాను ఎక్కడా దొరకదని తేల్చేశాడు. బేకరీలకి నాలుగు వారాలు ఆగమని కబురు పంపారు.

ఆ క్షణాన ఆమెకి కలిగింది సంతోషం. దాన్ని ఇంకో పేరుతో పిలిచి లాభం లేదు. పని దానంతటదే ఆగింది, తను ఆపలేదు, ఇక చెప్పెయ్యొచ్చు అనుకుంది. మరుక్షణం, బల్ల మీది కైమాని రేకుతో గీకుతున్న మామయ్యని చూసి సిగ్గుతో చచ్చిపోయింది.

"కొత్తది కొందాం" అన్నాడాయన.

"ఎందుకు మామయ్యా, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోకూడదూ?"

"చచ్చాక తీసుకుంటాను. బోలెడంత టైముంటుంది."

ఆదివారం ఆయన ఒక్కడే బజారుకి బయలుదేరాడు. నేనూ వస్తానంటే, నువ్వెందుకు, మిషను నెత్తిన పెట్టుకు మోస్తావా అని కసిరాడు. ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. తర్వాతి ఆదివారమూ అంతే. ఏమిటంటే, ఏదీ నచ్చలేదన్నాడు. చొక్కా ఎంచుకోవడానికి రెండు నిమిషాలు పట్టని మనిషి! మధ్యలో మామూలు రోజుల్లో కూడా ఆయన బజారులో మిషన్లు అమ్మే సామాన్ల దుకాణానికి వెళ్ళి గంటలు గంటలు కూర్చుంటున్నాడని పక్కింటావిడ చెప్పింది. ఏం తోచక వెళ్తున్నాడులే అనుకుంది ఆమె.

మూడో ఆదివారం సాయంత్రం వీధిలో బండి ఆగింది. ఇద్దరు కూలీలు ఆయాసపడుతూ దాన్ని దించారు. నడుమెత్తున మెరిసిపోతున్న స్టీలు మిషను, కింద మోటారు. వెనకే సామాన్ల దుకాణం యజమాని. మాటకారి, నోటికి తాళం ఉండదు.

"ఇక పదేళ్ళు దీని వైపు చూసుకోనక్కర్లేదమ్మా" అన్నాడు ఆమెతో. "రోజుకి అరవై కిలోలైనా లెక్కచెయ్యదు. మీ మామగారు మూడు వారాలు నా ప్రాణం తోడేశారు. ఇది కాదు, అది కాదు, నాకు కావలసింది వేరే అని..."

"సరే సరే. చీకటి పడుతోంది, మీరు బయలుదేరండి" అని మామయ్య ఆయన్ని ఇంచుమించు నెట్టినంత పని చేశాడు. మిషనుతో పాటు వచ్చిన ఒక చిన్న అట్టపెట్టెని మాత్రం చంకలో పెట్టుకెళ్ళి తన మంచం కిందికి తోశాడు.

ఆమె మిషను ముందు నిలబడిపోయింది. పదేళ్ళు. తనకిప్పుడు ముప్ఫై నాలుగు.

"మనం వారానికి చేసేది ముప్ఫై కిలోలేగా మామయ్యా. ఇంత పెద్దది ఎందుకు?"

"వచ్చే ఆదివారం చూద్దువుగాని. కరెంటాయన వచ్చి ప్లగ్గు పెట్టాలి" అన్నాడు. గుడ్డ కప్పాడు. ఆయన మొహంలో చాన్నాళ్ళకి ఒక వెలుగుంది. ఇంత ఆశ పెట్టుకుని, ఇంత వెతికి, పదేళ్ళ మిషను తెచ్చుకున్న మనిషితో నేను వెళ్ళిపోతున్నానని ఏ నోటితో చెప్పాలి? పని పెంచుదామనుకుంటున్నాడు. అవతలి స్టూలు మీద తను ఉంటుందన్న నమ్మకంతోనే గదా!

సోమవారమంతా ఆలోచించింది. ఆలోచించడమంటే ఏముంది, ఒకటే ముక్కని వందసార్లు నమలడం. మంగళవారం వ్యాను వచ్చింది. అతను పెట్టెలు దించి, ఈసారి రసీదు పుస్తకం చంకలోనే ఉంచుకున్నాడు.

"చెప్పారా ఇంట్లో?"

"లేదండీ."

"పోనీ, నేనొచ్చి మాట్లాడనా?"

"వద్దు." ఆమె బల్ల మీద ఉన్న అద్దాన్ని తుడుస్తూ చెప్పింది. "నావల్ల కాదండీ. ఆయనకి నేను తప్ప ఎవరూ లేరు. నేనొస్తే ఆయన బతకరు. నన్ను వదిలెయ్యండి."

అతను దించిన పెట్టెని కాలితో గోడవారకి జరిపాడు. బతిమాలుతాడేమోనని ఆమె భయపడింది. అంతకంటే, బతిమాలడేమోనని భయపడింది.

"మీ తప్పు లేదు లెండి" అన్నాడు చివరికి. "మా అక్క ఫోను మీద ఫోను చేస్తోంది. ఆవిడకి సరేనని చెప్పేస్తాను మరి."

"చెప్పండి."

రసీదు పుస్తకం తెరిచి ముందు పెట్టాడు. ఆమె సంతకం పెట్టింది.

శుక్రవారం అతను ఆఖరి పెట్టెలు తెచ్చాడు. గురువారం అక్క చూసిన సంబంధం వాళ్ళు వచ్చి పాపని చూసి వెళ్ళారని చెప్పాడు. మంచివాళ్ళలాగే ఉన్నారు, మాట ఇచ్చేశాను, పాపకి పెళ్ళికూతురు గౌను కూడా తెచ్చింది అన్నాడు. సోమవారం నుంచి ఆ దారిలో వ్యాను. తనకి అప్పగించిన మాటలన్నీ అప్పజెబుతున్నట్టు గోడ వైపు చూస్తూ చెప్పాడు. పై గుండీ కుట్టి ఉంది. ఎవరు కుట్టారో ఆమె అడగలేదు. మంచిదండీ అంది. వ్యాను మలుపు తిరిగేదాకా చూసి, లోపలికెళ్ళి, పుల్లలు వదులైన కళ్ళజోళ్ళన్నీ ముందు పోసుకుని ఒక్కొక్కటే బిగిస్తూ కూర్చుంది. ఆ రోజు దుకాణంలో ఎన్నడూ లేనన్ని కళ్ళజోళ్ళు బాగయ్యాయి.

ఆ వారంలో ఇంట్లో కొన్ని చిత్రాలు ఆమె కంటబడకపోలేదు. ఉప్పులో వేసిన పేగుల డబ్బా సగానికి తగ్గింది. మైదాపిండి డబ్బా ఖాళీ అయింది. బల్ల కాళ్ళకి ఎండిన పిండి మరకలున్నాయి. ఇంకో వారంలోనైతే అడిగి ఉండేది. ఆ వారం ఆమెకి దేని మీదా ధ్యాస లేదు.

ఆదివారం పొద్దున మామయ్య తనే లేపాడు. మొహం కడుక్కుని వచ్చేసరికి మిషను మీద గుడ్డ తీసి ఉంది. గిన్నెల్లో కైమా, నానిన పేగులు అన్నీ సిద్ధం. ఆమె తన స్టూలు కోసం చూసింది. అది బల్ల దగ్గర లేదు, గోడ పక్కన ఉంది.

"అక్కడ కూర్చో. ఊరికే చూడు" అన్నాడు మామయ్య.

మంచం కిందికి తోసిన అట్టపెట్టె తెచ్చి విప్పాడు. అందులో ఒక నల్లటి పెడలు, దానికి ఒక తీగ. తీగని మిషనుకి తగిలించి, పెడలు కాలి దగ్గర పెట్టుకున్నాడు. పేగుని గొట్టానికి తొడిగి, రెండు చేతులతో చివర పట్టుకుని, కాలితో మెల్లగా తొక్కాడు. మోటారు గుర్రుమంది. కైమా గొట్టంలోంచి పేగులోకి దిగింది. ఆయన పెదాలు బిగించి, మెడ వంచి, మొదటిసారి సూదిలో దారం ఎక్కించేవాడిలా చూస్తున్నాడు. పేగు వంకరటింకరగా నిండింది. ఒకచోట సన్నం, ఒకచోట లావు. కానీ పగల్లేదు. మూర నిండాక ఆయన గట్టిగా, తనకి తనే "చాలు" అనుకుని పెడలు మీంచి కాలెత్తాడు.

"చూశావా?" అన్నాడు. నుదుటి మీద చెమట. "చూశావా, ఒక్కణ్ణే!"

ఆమెకి ఏమీ అర్థం కాలేదు.

"ఇలాంటిది దొరకడానికే అన్ని వారాలు పట్టింది. ఒంటరి మనిషి చేసుకునేది ఇవ్వవయ్యా అంటే, ఆ దుకాణం వాడు ఇద్దరు కావలసినవే చూపిస్తాడు. పెడలుతో నడిచేది ఇంత పెద్దదే ఉందట. దుకాణంలోనే నీళ్ళ సంచులు పెట్టి నేర్చుకున్నాను. ఈ వారమంతా నువ్వు వెళ్ళాక మైదాపిండి ముద్ద నింపాను. మొదటి రెండు రోజులూ ఒక్కటీ నిలవలేదమ్మా, అన్నీ పగిలాయి. ఎందుకో తెలుసా? నువ్వు చాలు అంటావని తొక్కుతూనే కూర్చున్నాను." ఆయన నవ్వాడు. "వీధి కుక్కలకి పండగ చేశాను."

"ఎందుకు మామయ్యా ఇదంతా?"

మామయ్య చేతులు తుడుచుకున్నాడు. బల్ల దగ్గర పని కాని మాట మాట్లాడటం ఆయనకి కష్టంగా ఉంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడిచాడు.

"హ్యాండిలు తిప్పేవాడికి అవతలి చెయ్యి తెలుస్తుందమ్మా. మూడేళ్ళు నీ చెయ్యి కొయ్యలా ఉండేది. ఈమధ్య మెత్తబడింది. ఒక్కోరోజు నువ్వు సన్నగా ఏదో పాడుకుంటూ పేగు పట్టేదానివి, నీకే తెలీదు. ఏమిటా అనుకున్నాను. ఒకసారి మందుల కోసం బజారుకొస్తే, మీ దుకాణం ముందు వ్యాను దగ్గర నవ్వుతూ కనిపించావు. మా వాడు పోయాక నువ్వలా నవ్వడం నేను చూళ్ళేదు. సందులోంచి వెనక్కి వచ్చేశాను. అతని సంగతి కనుక్కున్నాను. మంచివాడేనన్నారు. పాప ఉందటగా?"

ఆమె తలూపింది.

"నోటితో వెళ్ళమంటే నువ్వు వెళ్తావా? మిమ్మల్ని ఎవరు చూస్తారు, మీ పేగులు ఎవరు పడతారు అంటావు. కాదంటే, మామయ్య నన్ను పొమ్మంటున్నాడని కుళ్ళి కుళ్ళి ఏడుస్తావు. అందుకే, ముందు నేను ఒక్కణ్ణీ చేసుకోగలనని నీ కళ్ళతో చూస్తేగానీ మాటెత్తకూడదనుకున్నాను. ఇదుగో, చూశావు. వంకరగా ఉన్నాయనుకో. రేపో మాపో చెయ్యి తిరుగుతుంది."

ఏడుపు కంటే ముందు ఆమెకి కోపం వచ్చింది. పోయిన ఆదివారం ఆ అట్టపెట్టెని మంచం కిందికి తొయ్యకపోతే! దుకాణం వాడి నోరు మూయించకపోతే! ఒక్క మాట, అమ్మాయ్, ఇది నీకోసం కొన్నాను అని ఆ ఒక్క మాట అంటే ఏం పోయేది? ఆయన సరే, తనేం చేసింది? కాగితం రాసి కళ్ళజోడు కింద పెట్టి, మళ్ళీ దొంగలా తీసుకున్నది తనే గదా. మూడేళ్ళు ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని, ఒకరి బాధ ఒకరికి తగలకూడదని నోళ్ళు కట్టేసుకున్నారు. మాట్లాడవలసిన వారం వచ్చేసరికి ఇద్దరికీ నోరు లేకుండా పోయింది. కోపం ఎంతోసేపు నిలవలేదు. వెనకే దుఃఖం వచ్చి, స్టూలు అంచు గట్టిగా పట్టుకోవలసి వచ్చింది.

"ఏడవకమ్మా" అన్నాడు మామయ్య. ఆయన దాన్ని వేరే ఏడుపనుకున్నాడు. "ఎక్కడికి పోతావు, నాలుగు వీధుల అవతలే గదా ఉంటావు. ఆదివారాలు వస్తూ పోతూ ఉండు. ఆ పాపకి నేను తాతని కానా?"

నిజం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మంగళవారమే కాదన్నాను మామయ్యా, మిషను చూసి కాదన్నాను, అతను వేరేవాళ్ళకి మాటిచ్చేశాడు. మూడు ముక్కలు, చెబితే అయిపోతుంది. కానీ ఆ ముక్కలు వింటే, తను ఇన్ని వారాలు తిరిగి, వెతికి, ఏరి తెచ్చిన మిషనే కోడలి పెళ్ళి చెడగొట్టిందని ఈ మనిషికి తెలుస్తుంది. బతికినన్నాళ్ళూ ఆ పెడలు తొక్కిన ప్రతిసారీ తెలుస్తుంది. కొడుకుని పోగొట్టుకుని నిలబడ్డవాడు. దీనికి నిలబడడు.

ఎప్పటికైనా చెప్పక తప్పదు. ఈ రోజు మాత్రం చెప్పలేదు ఆమె.

"వచ్చే ఆదివారం భోజనానికి పిలు" అన్నాడు మామయ్య ఉత్సాహంగా. "పాపని కూడా తీసుకురమ్మను. వాళ్ళకి నేను ఒక్కణ్ణే చేసినవి పెడతాను, నువ్వు చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. వస్తారా?"

"పిలుస్తాను మామయ్యా" అంది ఆమె.

"పాప కారం తింటుందా?"

"ఎక్కువ తినదటండీ."

"మరి అతను? అతనికేమైనా పడనివి ఉన్నాయా?"

ఏడాదిన్నర పాటు పెట్టెకో ముక్క చొప్పున విన్నవన్నీ ఆమెకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పొద్దున్నే టిఫిను తినడు. టీలో పంచదార మూడు చెంచాలు. ఎడమ మోకాలు నొప్పి. చీకట్లో వ్యాను నడపడం ఇష్టముండదు.

"వెల్లుల్లి పడదు" అంది.

"అదేం మనిషమ్మా, వెల్లుల్లి లేకుండా సాసేజీ ఏమిటి!" అని మామయ్య విసుక్కున్నాడు. విసుక్కుంటూనే, వారంలోగా రుచి కుదరాలంటూ, ఇంకా ఏమీ కలపని కైమా గిన్నె ముందుకు లాక్కున్నాడు. ఉప్పు వేశాడు. పాప కోసం మిరియాల పొడి సగమే వేశాడు. దంచి పెట్టుకున్న వెల్లుల్లిని దూరంగా జరిపి, రెండు చేతులతో కలపడం మొదలుపెట్టాడు.